ముసలమ్మ ఓడ, నా రెండు చెవులు

పాస్టరుగారికి ఒక మనవి

మా చర్చిలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు వచ్చే నెల నది అవతల తన్లిన్ దగ్గరి పాత ఓడల డాకులో వడ్రంగం పనికి చేరుతున్నారు. నేను అక్కడ ముప్పయ్యెనిమిదేళ్ళు చేసి దిగిపోయాను కాబట్టి, వాళ్ళకు పనికొచ్చే నాలుగు మాటలు రాసిపెట్టమని పాస్టరుగారు అడిగారు. ఆ పిల్లలకు తెలుగు చెబితే అర్థమవుతుంది, చదవడం రాదు. ఆయనే చదివి వినిపిస్తారట. నా పరువు పోయే చోట్లు వచ్చినప్పుడు ఆయన మర్యాదకు ఓసారి దగ్గి, నాలుగు వాక్యాలు దాటేస్తారని నా అనుమానం. పాస్టరుగారూ, దగ్గొద్దు. ఉన్నదున్నట్టు చదవండి.

ఆ డాకులో ఊతకొయ్యల మీద నిలబెట్టి ఉన్నది ఒక యుద్ధనౌక. ఇంజన్లు రాకముందు తెరచాపలతో నడిచిన టేకు ఓడ. రెండు పక్కలా ఫిరంగుల కిటికీలున్నాయి, ఫిరంగులు మాత్రం ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారు. కాగితాల్లో ఆమెకు పెద్ద పేరుంది. గేటు దగ్గర జాతీయ సంపద అని బోర్డు ఉంది. పనివాళ్ళం మాత్రం ముసలమ్మ అనేవాళ్ళం. "ముసలమ్మకు ఇవాళ ఎలా ఉంది?" అని అడిగి పనిలోకి దిగేవాళ్ళం.

నేను దిగిపోయిన రోజున ఎవరో మైకు పట్టుకుని, ఈ ఓడను కాపాడినవాడు ఊ దానియేలు అన్నారు. ఊ అంటే ఇక్కడ బర్మాలో పెద్దవాళ్ళ పేరుకు ముందు పెట్టే గౌరవం. నేను తల వంచుకుని చప్పట్లు పుచ్చుకున్నాను. నిజం చెప్పాలంటే వాన, ఎండ, పురుగు కలిసి ముసలమ్మకు చేసిన చెరుపు ఒకెత్తు, ఆమెను బాగుచేస్తామని వచ్చినవాళ్ళు చేసిన చెరుపు ఒకెత్తు. ఆ రెండో జాబితాలో నా పేరు ముందు వరసలోనే ఉంటుంది. జీతం, ప్రమోషన్లు, సెలవు కాగితాలు ఆఫీసువాళ్ళు మీకు చెబుతారు. నేను నా తప్పులు చెబుతాను, అవైతే నాకు బాగా తెలుసు.

నీలయ్య మామ మూడు మాటలు

నాకు పని నేర్పింది నీలయ్య మేస్త్రి. మా నాన్నకు స్నేహితుడు, అందుకని మామా అని పిలిచేవాణ్ణి. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ ఓడలు బాగుచేసుకుంటూ ఉండిపోయాడు. ఆయన హిందువు, మేం బాప్టిస్టులం. నేను ప్రతి ఆదివారం సెలవు అడిగితే, "మీ దేవుడికి ఆదోరమేటిరా తీరుబడి?" అనేవాడు. అంటూనే సెలవిచ్చేవాడు.

మా పనిలో సగం చేతులతో, సగం చెవులతో జరిగేది. పలకల సందుల్లో తారు పట్టించిన నార కూరి, కొయ్యసుత్తితో దిగ్గొట్టడం చేతుల పని. చెవుల పని ఇంకోటి. ఓడ గోడలో మూడు పొరలుంటాయి. బయట పలకలు, లోపల పలకలు, ఆ రెంటి మధ్యా కంటికి కనపడకుండా పక్కటెముకలు. పుచ్చేది ఎప్పుడూ ఆ మధ్యలోదే. పలక ఊడదీసి చూద్దామంటే అది పగులుతుంది, పగిలితే మళ్ళీ అంత పాతది ఎక్కడా దొరకదు. అందుకని వినేవాళ్ళం. బయట ఒకడు కొయ్యసుత్తితో కొట్టి "ఏటి?" అని కేకవేస్తాడు. లోపల ఇంకొకడు పలకకు చెవి ఆనించి కూర్చుంటాడు. చప్పుడు ఖంగుమని వస్తే "గట్టి!" అంటాడు. మెత్తగా, నానినట్టు వస్తే "గుల్ల!" అంటాడు.

నీలయ్య మామ దగ్గర మూడో మాట కూడా ఉండేది. "తెల్దు."

ఆ మాట వచ్చిందంటే పని ఆగినట్టే. బయటివాడు లోపలికి రావాలి, లోపలివాడు బయటికి పోవాలి, మొదటినుంచి మళ్ళీ కొట్టాలి. ఇద్దరికీ తేలకపోతే మూడోవాణ్ణి పిలవాలి. ఒక్క పక్కటెముక దగ్గరే పూట గడిచిపోయేది. నేనప్పుడే టెక్నికల్ స్కూల్లో చదివి వచ్చినవాణ్ణి, బయట ఎండలో సుత్తి పట్టుకుని నిలబడలేక విసుక్కునేవాణ్ణి.

"ఇన్నేళ్ళు సేసి ఇంకా తెల్దేటి మామా?"

"తెల్దు గనకే ఇన్నేళ్ళు సేస్తన్నానురా. తెలిసిపోతే ఇంటికెళ్ళి తొంగుందును" అన్నాడాయన.

మేస్త్రి అన్నవాడు ఇలా మాట్లాడితే కింద పనిచేసేవాళ్ళకు గౌరవం ఏముంటుందని నాకు ఆయన తరఫున సిగ్గుగా ఉండేది. అంత తెలివి ఉండేది నాకు.

ఇంకో ముచ్చట. డాకులో బర్మా పనివాళ్ళే ఎక్కువ. వాళ్ళు కూడా కొట్టేటప్పుడు "ఏటి?" అనే అరిచేవాళ్ళు, "గట్టి", "గుల్ల" అనే జవాబు చెప్పేవాళ్ళు. అది తెలుగని వాళ్ళకు తెలీదు, ఓడల భాష అనుకునేవాళ్ళు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మానేసి బర్మా మాట్లాడుతుంటే, అక్కడ బర్మా పిల్లలు పొద్దుటినుంచి సాయంత్రం దాకా శ్రీకాకుళం మాట అరుస్తూ ఉండేవాళ్ళు.

వార్నిష్ బాసు

అప్పటి మా పైఅధికారి పేరు చెప్పను. మేం వార్నిష్ బాసు అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. ముసలమ్మ మెరవాలని ఆయన కోరిక, అంతే. అధికారుల్లో ఓడను ప్రేమించనివాళ్ళతో పెద్ద ప్రమాదం లేదు, వాళ్ళు దాని జోలికి రారు. ప్రేమించేవాళ్ళనే ఓ కంట కనిపెట్టి ఉండండి.

నేను చేరిన కొత్తలో, వానలు వెనకబట్టే రోజుల్లో, ఎడమ పక్క తొమ్మిదో పక్కటెముకలో కొంత చివికిపోయింది. చివికిన మేర తొలిచేసి కొత్త టేకు ముక్క అతికించాం. అతుకు బాగానే కుదిరింది. అయితే చుట్టూ ఉన్న పాత కర్ర ఇంకా తడిగానే ఉంది. చలికాలం దాకా తెరిచి ఉంచి గాలి తగలనివ్వాలన్నాడు నీలయ్య మామ. ఎవరో పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, వారంలో మూసేసి మెరిపించాలన్నాడు బాసు. మామ కుదరదన్నాడు. బాసు నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నవాడివి, నువ్వేమంటావు?" అన్నాడు.

అలా ఎవరైనా అడిగితే పారిపోండి. నేను పారిపోలేదు. చిక్కటి పెయింటు మూడు పూతలు వేసి మూసేస్తే నీళ్ళు లోపలికి పోవు, ఏమీ కాదు అని చెప్పాను.

"లోపలికి పోవు సరే. లోపల ఉన్న తడి ఎటు పోతాదిరా?" అన్నాడు నీలయ్య మామ.

జవాబు తెలియక నవ్వాను. నేనే పూతలు వేశాను, నేనే పలక బిగించాను. పెద్దవాళ్ళు వచ్చి మెరుపు చూసి వెళ్ళారు. బాసు నాతో చెయ్యి కలిపాడు. ఆ పూట ఆ చెయ్యి కడిగి అన్నానికి కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. మామ ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు, నాతో ముందులాగే మాట్లాడాడు, ముందులాగే తిట్టాడు. నేను గెలిచాననుకున్నాను.

కొన్నేళ్ళకు ఆయన నోట "తెల్దు" ఎక్కువగా రావడం మొదలైంది. పూటకు రెండు, మూడు. ఒకరోజు తనే బాసు గదికి వెళ్ళాడు, నేనూ వెనకే ఉన్నాను. "నా సెవి పోనాది బాబూ. ఇంక ఈ గుంటడికి ఇచ్చీండి నా సోటు" అన్నాడు. ఎవరూ అడక్కుండా తన చోటు తనే వదులుకున్న మనిషిని చూసి జాలిపడ్డాను. ఇంకో అయిదేళ్ళు నెట్టుకురావచ్చు కదా, ఎవడికి తెలుస్తుంది అనుకున్నాను. పాస్టరుగారూ, ఇక్కడ కొంచెం ఆగి చదవండి.

వినేవాడిగా నేను చేసిన మొదటి ఘనకార్యం ఆ మూడో మాటను పారెయ్యడం. గట్టి, గుల్ల, ఈ రెండే. నా హయాంలో పనులు చకచకా సాగాయి. వార్నిష్ బాసు, ఆయన తర్వాత వచ్చినవాళ్ళు, అందరూ నా చెవిని మెచ్చుకున్నారు. కొత్తగా చేరిన పనివాళ్ళకు "తెల్దు" అనే మాట ఒకటి ఉండేదని కూడా తెలియదు. నీలయ్య మామ పోయినప్పుడు పాడె పట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయన సుత్తి నేను తెచ్చుకున్నాను. మాట తెచ్చుకోలేదు.

చెవిటివాడి పెద్దరికం

ఓడ కడుపులో కూర్చుని నార దిగ్గొడుతుంటే ఒక్కొక్క దెబ్బా రెండు చెవులనూ గూబలు అదిరేలా తాకుతుంది. నీలయ్య మామ చెవులు అలాగే పోయాయి. నావి పోకుండా ఉండడానికి నేనేమైనా ప్రత్యేకంగా పుట్టానా? పత్తి పెట్టుకోమని ఆయన చెప్పేవాడు. పత్తి పెట్టుకుంటే చిన్నతనమనుకున్నాను. మీరిద్దరూ పెట్టుకోండి. ఇప్పుడు డాకులో చెవులకు తగిలించుకునేవి ఇస్తున్నారు, అందంగా ఉండవు గానీ తగిలించుకోండి.

ముందుగా పోయింది పిచ్చుకల గోల. తర్వాత మా ఇంటి దగ్గరి చిమిండైంగ్ బజారులో వెనకనుంచి పిలిచేవాళ్ళ గొంతులు. నా భార్య మార్తమ్మ నాకు చెవుడని ఇంట్లో ఎన్నేళ్ళో అరిచింది. నేను వినలేదు.

"ఏటయ్యా, ఇందాకట్నుంచి పిలుస్తన్నాను, ఇనబడట్లేదేటి?"

"ఆలోచిస్తన్నాను."

"ఏటి ఆలోసిస్తన్నావు?"

అది కూడా వినపడేది కాదు. అందుకని ఆవిడ దృష్టిలో నేను చాలా ఆలోచనాపరుణ్ణి అయిపోయాను.

మరి డాకులో ఎలా నెగ్గుకొచ్చావని మీరడగాలి. పలకకు చెవి ఆనిస్తే చెంప కూడా ఆనుతుంది. బయట దెబ్బ పడగానే చెంపకు చిన్న అదురు తగులుతుంది. కొట్టారని దాంతో తెలిసేది. ఇక గట్టా గుల్లా అంటారా, ముసలమ్మ ఒంట్లో ఏ పక్కటెముక ఎలా ఉంటుందో నాకు కంఠతా వచ్చు. కళ్ళు మూసుకుని, కాసేపు ఆగి, జ్ఞాపకంలోంచి జవాబు తీసి ఇచ్చేవాణ్ణి. చూసేవాళ్ళకు ఏదో తపస్సులా ఉండేది. వచ్చినవాళ్ళు ఫోటోలు కూడా తీసుకున్నారు. అబద్ధం చెబుతున్నానని నాకనిపించేది కాదు. నేను చెప్పేది నిజమే, కాకపోతే ఇరవయ్యేళ్ళ కిందటి ముసలమ్మ గురించి.

నాకు చెవుడని నాకు తెలుసా? తెలుసు. ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు, కానీ తెలుసు. నాకు భయం వేసేది. ఆ చెవి తీసేస్తే నా దగ్గర ఇంకేముంది? లుంగీ, టిఫిన్ క్యారేజీ, నీలయ్య మామ సుత్తి. అంతే కదా అనిపించేది.

తొమ్మిదో పక్కటెముక

నేను దిగిపోవడానికి రెండు నెలల ముందు, ఓడ దిగువ అంతస్తులోకి బడిపిల్లల్ని రానివ్వాలని నిర్ణయం జరిగింది. అప్పటికి మా పైఅధికారి డా న్వే. డా అన్నది పెద్ద ఆడవాళ్ళకు పెట్టే గౌరవం. వార్నిష్ జోలికి పోని మనిషి. తక్కువ మాట్లాడేది, అది నాకు ఎంతో సుఖంగా ఉండేది. మొదటి రోజు రావాల్సిన జట్లలో మా చర్చి సండే స్కూలు పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళ పేర్లు నేనే రాయించాను. దిగువకు దిగే మెట్లు ఎడమ పక్క తొమ్మిదో పక్కటెముకకు బిగించి ఉన్నాయి.

తెరిచే ముందు ఆఖరి తనిఖీ. బయట కో మిన్ కొడుతున్నాడు, కో అంటే అన్న లాంటి మాట. తన్లిన్ వాడు, చేతులు పెద్దవి, మాటలు తక్కువ. నేను లోపల నా చోట్లో ఉన్నాను. తొమ్మిదో దాని దగ్గర చెంపకు అదురు తగిలింది. "గట్టి!" అన్నాను. నేను చేత్తో అతుకు పెట్టినది కదా, గట్టి కాక ఏమవుతుంది?

మళ్ళీ అదురు తగిలింది. మళ్ళీ కొట్టాడన్నమాట. "గట్టి!" అని అరిచాను. మూడోసారి కూడా కొట్టాడు. నాకు కోపం వచ్చి మెట్లెక్కి బయటికి వెళ్ళాను.

"ఏం కో మిన్, చెప్పింది వినపడదా? నీకు చెవుడా?" అన్నాను.

అతను నా మొహం చూసి, తర్వాత తన సుత్తి చూసుకున్నాడు. "కాదు సయా" అన్నాడు. సయా అంటే గురువు. ఆ మాట అతని పెదాల మీద చూశాను. నేను మళ్ళీ లోపలికి దిగి, కళ్ళజోడు తీసి మెట్టు పక్కన పెట్టి, కాగితం మీద సంతకం పెట్టేసి ఇంటికి పోయాను.

కళ్ళజోడు ఓడలో మరిచిపోయానని ఇంటికి వెళ్ళాక తెలిసింది. అది లేకుండా నాకు ఎదుటివాళ్ళ పెదాలు కనపడవు, పెదాలు కనపడకపోతే నేను పూర్తిగా మునిగిపోతాను. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని వంతెన దాటాను. డాకులో ఎవరూ ఉండని వేళ. నెమ్మదిగా మెట్లు దిగి, మెట్టు పక్కన పెట్టిన కళ్ళజోడు తీసుకుని పెట్టుకున్నాను.

నా చోట్లో మా సండా కూర్చుని ఉంది, మా అన్నది ఇక్కడ వయసులో ఉన్న ఆడవాళ్ళ పేరుకు ముందు పెట్టే మాట. డాకు వడ్రంగుల్లో ఒకతె, నా దగ్గరే పని నేర్చుకుంది. పలకకు చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. నాకేమీ వినపడలేదు, కానీ ఆవిడ కనుబొమ్మలు ఒక్కసారి ముడిపడ్డాయి. నోరు తెరిచింది. ఆ మాట పెదాల మీద పోల్చుకోవడానికి నాకు కష్టం కాలేదు. ఇన్నేళ్ళుగా నేను అంటున్న మాటే.

గుల్ల.

కళ్ళు తెరిచి నన్ను చూసి లేచి నిలబడింది. కాసేపటికి బయటనుంచి సుత్తి పట్టుకుని కో మిన్ కూడా లోపలికి వచ్చాడు. నా ఎదురుగా నిలబడి, నెమ్మదిగా చెప్పమన్నాను. ఎప్పట్నుంచి జరుగుతోంది ఇది?

"మూడు వానాకాలాల నుంచి" అంది మా సండా.

నేను విని వెళ్ళిపోయాక వాళ్ళిద్దరూ మళ్ళీ కొట్టి వినేవాళ్ళట. తేడా ఉన్న చోట్ల మామూలు మరమ్మత్తు అని చెప్పి తామే చక్కబెట్టేవాళ్ళట. డాకులో పెయింటు వేసేవాళ్ళ దగ్గర్నుంచి టీ తెచ్చే ఆవిడ దాకా అందరికీ తెలుసట. నాకు చెవుడని తెలియకూడని మనిషిని నేనొక్కణ్ణే అన్నట్టు కాపాడుకుంటూ వచ్చారు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఆనా, సయా" అంది.

ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. ఎదుటి పెద్దమనిషి మనసు నొచ్చుకుంటుందేమో, మనవల్ల వాళ్ళకు ఇబ్బంది కలుగుతుందేమో అని నోటిదాకా వచ్చిన మాటను మింగెయ్యడం. ఎంత మంచి గుణమో. అది లేకపోతే నేను ఈ ఊళ్ళో ఇంత గౌరవంగా బతికేవాణ్ణి కాదు. అదే లేకపోతే మూడేళ్ళ కిందటే నా గుట్టు బయటపడి ఉండేది.

తొమ్మిదోది మాత్రం గుట్టుగా చక్కబెట్టే పని కాదు. పలక ఊడదియ్యాలి, మెట్లు తియ్యాలి, తెరవడం ఆపాలి. దానికీ ఒక దారి ఆలోచించి పెట్టుకున్నారు. కో మిన్ చెప్పాడు.

"నేను తొమ్మిదోది అనుకుని పక్కదాని మీద కొట్టానని డా న్వేతో చెబుతాను. నాకింకా చాలా సర్వీసు ఉంది సయా, ఒక తిట్టు పడినా ఏం కాదు. మీకు రెండు నెలలేగా."

ఏడుపొచ్చింది. వాళ్ళ ముందే ఏడ్చాను. క్రితం రోజు నేను చెవుడా అని అరిచింది ఈ మనిషినే.

తర్వాత ఏమి చేశానో కూడా చెప్పాలి. వెంటనే వద్దన్నానని మీరనుకుంటే అది మీ మంచితనం. మెట్టు మీద కూర్చుని, అలా చేస్తే బాగానే ఉంటుంది కదా అని ఆలోచించాను. సన్మానం, శాలువా, మైకులో మంచి మాటలు. కో మిన్‌కు తర్వాత ఏదో ఒకటి కొనిపెడదాం అని కూడా అనుకున్నాను. అలా కూర్చుని ఉండగా మా సండా నెమ్మదిగా నా భుజం తట్టి, అక్కడ కూర్చోవద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆ మెట్టు దేనికి బిగించి ఉందో అప్పుడు గుర్తొచ్చింది. ఒక ముసలివాడు కూర్చుంటేనే ఆవిడకు భయం వేసింది. నేను పేర్లు రాయించిన పిల్లలు వరసకట్టి దిగాల్సిన మెట్లు అవి.

సుద్దముక్క

డా న్వే గదికి వెళ్ళి, "నాకు చెవుడండీ. నిన్న నేను పెట్టిన సంతకం చెల్లదు" అన్నాను.

ఆవిడ ఏదో అంది. వినపడలేదు. మళ్ళీ అంది. కిటికీ వెలుతురు వెనకనుంచి పడి ఆవిడ పెదాలు కనపడలేదు. "ఆఁ?" అన్నాను. చెవుడని చెప్పుకోవడానికి వచ్చినవాడు అంతకంటే పెద్ద సాక్ష్యం ఏమివ్వగలడు? ఆవిడ కాగితం తీసుకుని రాసి నా వైపు తిప్పింది. "ఎప్పటి నుంచి?"

చెప్పాను. కో మిన్, మా సండా ఏం చేస్తూ వచ్చారో చెప్పాను. వాళ్ళు చెప్పబోయిన అబద్ధం కూడా చెప్పేశాను, లేకపోతే మళ్ళీ నన్ను కాపాడడానికి వస్తారు. ఆవిడ తనిఖీ కాగితాల కట్ట ముందుకు లాక్కుని ఒక్కొక్కటీ తిప్పింది. అరిచినా బాగుండును, నాకెలాగూ వినపడదు. చివరికి ఇంకో కాగితం మీద ఇలా రాసింది. ఈ మూడేళ్ళలో మీరు గట్టి అన్నవాటిలో నిజంగా విని అన్నవి వదిలెయ్యండి, జ్ఞాపకంతో అన్నవాటి మీద మీ చేత్తో గుర్తు పెట్టండి.

సుద్దముక్క ఇచ్చింది.

ముసలమ్మ చుట్టూ తిరిగాను. గుర్తు పెట్టడం, జరగడం, గుర్తు పెట్టడం. పనివాళ్ళంతా పని చేస్తున్నట్టు నటిస్తూ చూస్తున్నారు, ఆనా కొద్దీ. మొదట్లో నాలుగైదింటిని వదిలేద్దామని చూశాను. వీటిని విన్నానేమో, విన్నట్టే ఉంది. ఒక్కొక్కదాని ముందు నిలబడి నిజంగా గుర్తు తెచ్చుకుంటే ఒక్కటీ వినలేదు. రెండో సుద్దముక్క అడగాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి ముసలమ్మకు ఆటలమ్మ పోసినట్టుంది.

అన్నీ మళ్ళీ కొట్టి విన్నారు. చాలావరకు గట్టివే. అది నా గొప్ప కాదు, ఆమె టేకు గొప్ప. తొమ్మిదోది కాక, ఆ ఇద్దరికీ చూసే తీరిక చిక్కని ఇంకో రెండు గుల్ల అని తేలాయి. తొమ్మిదో దాని పలక ఊడదీసేటప్పుడు నన్ను పిలిచారు. నా అతుకు అలాగే ఉంది. నేను వేసిన మూడు పూతల పెయింటు చెక్కుచెదరలేదు, తుడిస్తే మెరిసింది. దాని వెనక ఉన్న పాత కర్రను మా సండా గోటితో గీకితే ముక్కుపొడిలా రాలింది. లోపల ఉన్న తడి ఎటు పోతాదిరా అని నీలయ్య మామ అడిగిన దానికి జవాబు అక్కడ నా కాళ్ళ మీద పడింది. పెయింటు బాగా వేశానని ఒప్పుకోవాలి.

తెరవడం వాయిదా పడింది. మా సండే స్కూలు పిల్లలకు ఎందుకు వాయిదా పడిందో నేనే చర్చిలో నిలబడి చెప్పాను. ఒక పిల్ల లేచి ఏదో ప్రశ్న అడిగింది, అందరూ నవ్వారు. ఏమడిగిందని మార్తమ్మను అడిగాను. "తాతకి పాటలు కూడా ఇనబడవా, మరి పాడతాడేటి అంటంది" అని నా ఎదురుగా తిరిగి, నోరు పెద్దగా కదిపి చెప్పింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి కూర్చున్నాను. వినపడవమ్మా, అందరి నోళ్ళు చూసి కదుపుతాను.

శాలువా కప్పారు. వద్దనలేదు. మైకులో కాపాడినవాడు అన్నప్పుడు కో మిన్ నా వైపు చూసి నవ్వాడు, నేనూ నవ్వాను.

మళ్ళీ నా చోట్లో

నేను దిగిపోయాక తొమ్మిదో పక్కటెముక స్థానంలో కొత్తది పెట్టారు. డా న్వే ఒక వేసవి మొత్తం దాన్ని తెరిచే ఉంచింది. ఆరాక పలకలు బిగించి, మొదటిసారి కొట్టే రోజున నాకు కబురు పెట్టింది. నీలయ్య మామ సుత్తి తీసుకుని వెళ్ళి, బయట కో మిన్ చేతికిచ్చాను. మా సండా నన్ను లోపలికి తీసుకువెళ్ళి నా పాత చోటు చూపించింది. వద్దంటే వినలేదు. పనివాళ్ళంతా చుట్టూ చేరారు.

చెంప ఆనించాను. అదురు తగిలింది. కో మిన్ "ఏటి?" అని అరిచి ఉంటాడు. ఆ కర్ర నేను దిగిపోయే ముందు ఏరి పెట్టినదే, దాని సంగతి నాకు తెలుసు. అందరూ నా నోరు చూస్తున్నారు. గట్టి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది. అనేస్తే అందరూ చప్పట్లు కొడతారు, టీ తాగుతాం, నేను బస్సెక్కుతాను.

"తెల్దు" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓడల భాషలో అలాంటి మాట వాళ్ళెప్పుడూ వినలేదు, ఎలా వింటారు, పారేసింది నేనే కదా. బయట ఉన్న కో మిన్‌కు కూడా వినపడేలా బర్మాలో అరిచి చెప్పాను. మీ గురువు కంటే ముందు ఇక్కడ ఒక గురువు ఉండేవాడు, ఆయన దగ్గర మూడు మాటలుండేవి, మీకు రెండే ఇచ్చాను. ఈ మాట అంటే పని ఆగిపోతుంది. బయటివాడు లోపలికి రావాలి, లోపలివాడు బయటికి పోవాలి. ఎవరి ముందైనా అనొచ్చు, ఎంత పెద్దవాడి ముందైనా అనొచ్చు, ఆనా పడక్కర్లేదు. మా సండా సుద్దముక్క తీసుకుని ఆ మాటను బర్మా అక్షరాల్లో పలక మీద రాసుకుంది. రెండుసార్లు నాచేత పలికించి, పెదాలు కలిపి చూసుకుంది.

తర్వాత నన్ను పక్కకు జరిపి తను కూర్చుని చెవి ఆనించింది. కొట్టారు. విన్నది. మళ్ళీ కొట్టమంది. మళ్ళీ విన్నది. కొత్త కర్ర, కొత్త గొంతు, దాని చప్పుడు ఇంకా ఎవరికీ అలవాటు లేదు. కళ్ళు తెరిచి, నాకు కనపడేలా మొహం నా వైపు తిప్పి, నోరు పెద్దగా తెరిచి కేకవేసింది.

కాసేపటికి మెట్ల మీద కో మిన్ పాదాలు కనిపించాయి. సుత్తి చేత్తో పట్టుకుని, చెమట తుడుచుకుంటూ, విసుక్కుంటూ లోపలికి దిగుతున్నాడు. నీలయ్య మామ మాట ఆ ఓడలో మళ్ళీ వినపడింది. నేను వినలేదనుకోండి, చూశాను.